లస్మవ్వ నీతి

మధ్యాహ్నం అన్నం తినగానే లస్మవ్వ గడపలో కాళ్లు చాపుకుని కల్లు సీసా మూత పళ్లతో పీకుతుంది. ఉన్నవి మూడే పళ్లు, ఆ పనికి చాలు. పోచమ్మ పేరు మీద నేలపై రెండు చుక్కలు పోసి, గుటకేసి, మనవరాలు శరణ్యకు నీతి మొదలుపెడుతుంది.

"మందు జోలికి పోవద్దు బిడ్డా, ఆగమైతవు."

"మరి నీ చేతిలున్నదేంది అమ్మమ్మా?"

"గిది మందేంది! ఈత కల్లు. ఒంటికి సలువ."

ఈ ఒక్క మాటతో ఆమె, తాగొద్దన్న హుస్నాబాద్ డాక్టరు నోరే మూయించింది. పదో తరగతి శరణ్య మాత్రం ఇవాళ లోపలికి వెళ్లింది. బుద్ధిగా స్టీలు గ్లాసు తెచ్చి ముందుకు చాపింది.

"ఎండకు తల తిరుగుతాంది. సలువకు నాకూ జరంత పొయ్."

లస్మవ్వ గబుక్కున సీసాను కొంగు కింద దాచింది. పై పెదవికి మీసంలా అంటిన నురగ తుడుచుకుని గొణిగింది.

"నాకు కల్లే. నీకైతే మందే."