దాలి మీది పాలు

పాలు తాగితే కడుపు ఉబ్బుతుందని మా అక్క చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. ఎవరూ నమ్మలేదు. ఖానాపూర్ పక్కన మా ఊరు, దొడ్లో బర్రెలు. అలాంటి ఇంట్లో పుట్టి పాలు పడవంటే నవ్వేవారు. కాన్పయి అక్క పుట్టింటికి వచ్చాక ఆ నవ్వు కాస్తా జులుం అయింది.

“పాలు తాగకుంటే పిల్లకు పాలెట్ల పడ్తయే? అన్నీ నఖరాలు నీయి,” అంటూ అవ్వ, అదే మా అమ్మ, గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేది. అక్క కళ్ళు మూసుకుని మింగేది. కాసేపటికే కడుపు పట్టుకుని దొడ్లోకి పరుగు. పచ్చి బాలింత, కుట్లు కూడా ఆరలేదు. ఎవరికైనా జాలి కలగాలి. మా వాళ్ళకు అనుమానం కలిగింది, నటిస్తోందని. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు నేను కరీంనగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు లాక్టేజ్‌ను ఎంచుకున్నాను. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమ్ అది. కడుపులో అది తక్కువైన వాళ్ళకు పాలు అరగవు. దాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో కలిపి, సిరంజితో చుక్కచుక్కగా కాల్షియం నీళ్ళలో వదిలితే సగ్గుబియ్యంలాంటి గోలీలు అవుతాయి. ఎంజైమ్ గోలీలోనే చిక్కుకుని, తనను తాకిన పాల మీద పనిచేస్తుంది. ఏ వేడి దగ్గర ఎంత పనిచేస్తుందో చూడాలి. మంచులో పెట్టిన పాలలో బద్ధకంగా చేసింది. గోరువెచ్చని పాలలో చకచకా చేసింది. మరిగే పాలలో చచ్చిపోయింది, తర్వాత చల్లార్చినా లేవలేదు. పాల చక్కెర విడిపోతే గ్లూకోజ్ వస్తుంది కాబట్టి, గ్లూకోజ్ చూసే పట్టీ ముంచితే, పని జరిగిన పాలలోనే రంగు మారేది.

తినదగిన సరుకుతో ఇంటికోసం విడిగా గోలీలు చేసి డబ్బాలో తీసుకెళ్ళాను. పాలు గోరువెచ్చగా ఆరాక ఇవి వేసి, కాసేపాగి, వడగట్టి అక్కకు ఇమ్మని అవ్వకు ఒకటికి రెండుసార్లు చెప్పి, బస్సు బడలికతో పడుకున్నాను.

మా ఇంట్లో పాలు ఆరడమనేదే ఉండదు. పిండగానే దాలిలో, పిడకల నిప్పు మీద పెడతారు. ఎర్రగా మీగడ కట్టేదాకా అవి కాగుతూనే ఉంటాయి. నేను లేచేసరికి అక్క దొడ్డిగోడ పట్టుకుని వంగిపోయి ఉంది.

“గోలీలు ఎప్పుడేసినవే అవ్వా?”

“పొద్దుగాల్నే దాల్ల ఏసిన, మంచిగ మరగాలె గదా. సల్లటి పాలు బాలింతకు పోస్తరానే ఎవరన్న?” అని, అక్క వైపు తిరిగింది. “సూసినవా, చెల్లె మందు తెచ్చినా గంతే. నీకు పాలు పడక గాదు, తాగ బుద్ధిగాక!”

నా గోలీలు అక్క మీద కొత్త సాక్ష్యమయ్యాయి. నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు తొంగి చూశారు. మందు చంపింది నువ్వే అన్నాను. అవ్వ మొహం తిప్పుకుంది.

మర్నాడు ఎవరినీ ముట్టనివ్వలేదు. పాలు నేనే కాచాను, నేనే ఆర్చాను, గోలీలు వేసి వడగట్టాను. దాలి పాలలో ఒక పట్టీ, నా పాలలో ఒక పట్టీ ముంచాను. దాలి పట్టీ ఎలా ఉందో అలాగే ఉంది. నాది పచ్చగా తిరిగింది. అక్క ఆ పాలు తాగింది. మధ్యాహ్నమైంది, పొద్దుగూకింది, కడుపులో ఏ గొడవా లేదు.

అవ్వ పట్టీలు రెండూ వెలుతురులో పట్టుకుని మార్చి మార్చి చూసింది. గొంతు తగ్గించి, “అయితే నిజమేనా బిడ్డా? నిజంగనే నీకు పడ్తలేవా?” అంది.

అక్క చంటిపిల్లను భుజాన వేసుకుని లేచింది.

“ఇన్నేండ్ల సంది నోరు నొప్పి పెట్టంగ జెప్పిన. నా మాట నమ్మలే. గా కాయిదం ముక్క జెప్తె నమ్ముతున్నవా?”

లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేనేమైనా చెప్పి సర్దుతానేమోనని అవ్వ నా వైపు చూసింది. నేను సర్దలేదు.