హాజరుపట్టీలో కొట్టేసిన పేరు

మా అమ్మమ్మ మైపాడు దగ్గర ఒక పల్లెలో, చేపలు పట్టుకునే కుటుంబాల పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా చదువు చెప్పింది. పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కి వెళ్లి, సాయంత్రం చీర కుచ్చిళ్లలో ఇసుకతో తిరిగొచ్చేది. రిటైరయ్యాక కూడా తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో కూర్చునేది. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖల్లో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దేది. నేను ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మెసేజీలు పెడితే చదివేది కాదు. "నాకు రాసేదుంటే మన అక్షరాల్లో రాయిమే. లేకుంటే వచ్చి పక్కన కూర్చోని చెప్పు" అనేది. నేను రెండూ చేసేదాన్ని కాదు.

నేను నెల్లూరులోనే ఒక లాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అమ్మమ్మ నన్ను ఒక కోరిక కోరింది.

"ఒకసారి మైపాడుకి తీసుకుపోమే. నీ స్కూటీ మీద వెనక కూర్చుంటాలే."

సముద్రం చూడాలనుకుంటోందేమో అనుకున్నాను. ఆదివారం పోదామన్నాను. ఆ ఆదివారం లాబ్‌లో ఎవరో సెలవు పెట్టారని నన్ను రమ్మన్నారు. తరువాతి ఆదివారం స్నేహితురాలి గృహప్రవేశం. ఆ తరువాత ఎండలు ముదిరాయి. ఆమె మోకాళ్లు బస్సు మెట్లెక్కే స్థితిలో లేవు. ఉండి ఉంటే నన్ను అడిగేదే కాదు.

నాలుగోసారి వాయిదా వేసినప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆమె దగ్గర అయిదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఉండేది. మంచి చురుకైన పిల్ల. వాళ్లమ్మకు జబ్బు చేస్తే ఆమె బదులు చేపల తట్ట మోయడానికి పోయి, మూడు వారాలు బడికి రాలేదు. అప్పుడే తనిఖీకి పైఅధికారి వస్తున్నాడని తెలిసింది. హాజరు తక్కువగా కనిపిస్తే మాట పడాల్సి వస్తుందని, అమ్మమ్మ ఆ పిల్ల పేరు కొట్టేసింది. తనిఖీ రోజే ఆ పిల్ల పలక పట్టుకుని వచ్చింది. అమ్మమ్మ అందరి పేర్లూ పిలిచింది. ఆ పిల్ల పేరు లేదు. అధికారి ఎదురుగా ఏమీ చెప్పలేకపోయింది. రేపు వాళ్లమ్మను పిలిపించి, పేరు మళ్లీ రాసుకుందామనుకుంది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లలేదు.

"ఇప్పుడు మైపాడు బస్సులు ఆగే కాడ ఎండుచేపలు అమ్ముతుందంట. పోయి, నాది తప్పమ్మా అని ఒక మాట చెప్పి రావాల" అంది.

నేను ఫోన్ చూసుకుంటూనే విన్నాను. "ఎప్పటి సంగతి అమ్మమ్మా! ఆమెకు గుర్తు కూడా ఉండదు" అన్నాను.

"నాకుండాది గదా" అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున స్నానానికి లేచి, బాత్‌రూమ్ గుమ్మంలో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. మనం చెప్పేవన్నీ అర్థమయ్యేవి. ఎడమచేతికి పెన్ను ఇచ్చి చూశాను. కాగితం మీద గీతలు వంకర్లు తిరిగి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆమె వాటిని చూసి పెన్ను కింద పెట్టేసింది. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి ఏడ్చాను.

ఆ ఆదివారమే మైపాడు వెళ్లాను. నెలల తరబడి కుదరని పని ఒక పూటలో అయిపోయింది. బస్సులు ఆగే చోట, నీలం టార్పాలిన్ పట్ట కింద, ఎండు నెత్తళ్ల చేపలు కుప్పలు పోసుకుని ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. నేను ఫలానా టీచరమ్మ మనవరాలినని చెప్పాను. ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"టీచరమ్మ బాగుండాదా?"

"లేదక్కా. మంచంలో ఉంది. నిన్ను చూడాలని చాలా రోజులుగా అనుకుంటోంది."

"అట్నా? రేపు వస్తాలే" అంది. నెల్లూరులో మా ఇంటి గుర్తులు అడిగి తెలుసుకుంది.

మర్నాడు బస్సులో తనే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, గుమ్మం బయట చెప్పులు విడిచి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. అమ్మమ్మ వెంటనే గుర్తుపట్టింది. ఎడమచెయ్యి చాపింది. ఏదో అనబోయింది. గొంతులోంచి శబ్దం తప్ప మాట రాలేదు. మంచినీళ్లు కావాలేమోనని వచ్చినామె చెంబు అందుకోబోయింది.

"నీళ్లు కాదక్కా" అన్నాను. "బళ్లో నీ పేరు కొట్టేసింది కదా. అది తన తప్పేనని నీకు చెప్పాలనుకుంది. తీసుకుపొమ్మని నన్ను అడిగింది. నేనే తీసుకురాలేదు."

ఆమె అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఆ దినం పేర్లు పిలస్తా ఉంటే నిలబడుకోనే ఉన్నా. మధ్యలో మరిచిపోయుంటుందిలే, ఆఖర్న పిలస్తాదిలే అనుకున్నా. ఇంటికి పోయి మాయమ్మకి చెప్పలా. మళ్లా నాలుగు దినాలు పలక తీసుకోని వచ్చినా టీచరమ్మా. బడెనక సరుగుడు చెట్లల్లో కూర్చోని, నువ్వు చెప్పే పాఠం విన్నా. పిలస్తావేమో అని."

అమ్మమ్మకు ఈ సంగతి తెలియదు. పక్కనే నాలుగు రోజులు ఆ పిల్ల కూర్చుని ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. మంచం పక్కన కూర్చున్నామె తన కొంగుతోనే తుడిచింది.

"కోపం లేదని చెప్పను. శానా ఏళ్లు ఉండింది. నా బిడ్డని మాత్రం ఒక్క దినం బడి మాననీలా" అంది. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినావు, సంతోషం. అయితే ఆమె నోటితో విని ఉంటే బాగుండు పాపా."

ఆమె బస్సు వేళ దాకా అమ్మమ్మ కాళ్లు ఒత్తుతూ కూర్చుని, వెళ్లిపోయింది.

ఆ తరువాత మూడు వారాలకే అమ్మమ్మ పోయింది. బంధువులకు, పాత సహోద్యోగులకు, వీధిలో వాళ్లకు అందరికీ ఫోన్లు చేశాను. మైపాడు ఆమెకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఫోన్ నంబరు కూడా అడిగి తీసుకోలేదు.

పదిరోజుల తరువాత ఆమె, అమ్మమ్మకు పులుసు పెట్టిద్దామని సంచిలో పచ్చి చేపలు తీసుకుని వచ్చింది. హాల్లో దండ వేసిన ఫోటో గేటు దగ్గరనుంచే కనిపించింది. అక్కడే ఆగిపోయింది.

"ఒక మాట పంపించి ఉంటే వచ్చేదాన్ని గదా పాపా" అంది.

తప్పయిపోయిందన్నాను. లోపలికి రమ్మన్నాను. రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుని అడిగింది.

"ఆఖరుగా ఏం తినింది?"

నాకు తెలియదు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. అమ్మను అడిగి చెబుతానని లోపలికి వెళ్లాను.