పేలాల పరుపు మీద సకినాలు

పోయిన వారం పొద్దున్నే పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ ఇగ లేదు," అన్నాడు.

తనే చెప్పుకొచ్చాడు. "నిన్న గూడ షెడ్డుల కూసోని పిండి చూసింది. జర పలచగైందని అందరినీ తిట్టింది. ఇంటికొచ్చి అన్నం తిని పండుకున్నది. తెల్లారి లేపితే లేవలే."

ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. పిండి పలచగా కలిపినవాళ్లను తిట్టి, కడుపునిండా తిని, ఎవరిచేతా ఒక్క పూట కూడా చేయించుకోకుండా వెళ్లిపోయింది. అలా పోవడం ఆవిడకే చెల్లింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. శంషాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో, దాని దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం దొరికి గుంటూరు వైపు నుంచి వచ్చాను. పై గది తాళం ఇస్తూ ఆవిడ ఒక పళ్లెం కూడా నా చేతిలో పెట్టింది.

"చక్రాలా పెద్దమ్మగారూ?" అన్నాను.

"గారు గీరు ఎందుకు బిడ్డా. ఇవి చక్రాలు గావు, సకినాలు. గొట్టంల ఒత్తేటివి గావు, చేత్తోని చుట్టేటివి."

బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. అంతే. కొరికితే కరకరమని నోట్లో పొడైపోయింది. నేను రెండోదానికి చెయ్యి చాపగానే ఆవిడ లోపలికి వెళ్లి ఇంకో నాలుగు తెచ్చింది. ఆ పూట నేను వంట చేసుకోలేదు.

వాళ్లది వ్యవసాయం. జొన్న, కూరగాయలు పండించేవాళ్లు. ఆ భూమి రోడ్డు కిందకు పోయింది. భర్త అంతకు ముందే పోయాడు. కొడుకు క్యాబ్ నడిపేవాడు. "పొద్దుగాల లేస్తె కాళ్లకు ఎటు పోవాల్నో తెల్వకపోయేది బిడ్డా. చేన్లకు పోదామని సగం దూరం నడిచి మళ్లొచ్చేదాన్ని," అని ఒకసారి చెప్పింది. ఆ ఖాళీ చేతులను ఆవిడ పిండిలో పెట్టింది. కారణం ఉన్నా లేకపోయినా సకినాలు చేసి వాడంతా పంచేది.

నేను మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. తడి పిండిని రెండు వేళ్ల మధ్య తిప్పుతూ, పాత చీర మీద సన్నటి తాడులా వదిలేది. ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు. చీర తడి పీల్చుకున్నాక పళ్లెంతో జాగ్రత్తగా లేపి నూనెలోకి జార్చేది. ఉప్పు మాత్రం తాను చూసేది కాదు. పక్కింట్లో కుట్టుమిషన్ నడిపే ముస్లిం ఆవిడను, వాడంతా ఆపా అనేవాళ్లు, గోడమీంచి పిలిచేది. "నా నాలిక ఎప్పుడైనా నా చేతి దిక్కే మాట్లాడ్తది. నువ్వు చెప్పు చెల్లె," అనేది.

రెండో ఏడు మా హోటల్లో పెద్ద డాక్టర్ల సమావేశం ఖాయమైంది. వేరే రాష్ట్రాల నుంచి వస్తున్నారు. వెళ్లేటప్పుడు తలా ఒక కానుక డబ్బా ఇవ్వాలి, అందులో ఈ ప్రాంతపు రుచి ఉండాలి అన్నారు. మా మేనేజరు సిటీ నుంచి బిస్కెట్లు తెప్పిద్దామని చూస్తున్నాడు. నేను ఉండబట్టలేక సకినాల సంగతి చెప్పాను. తెచ్చి చూపించమన్నాడు.

మర్నాడు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని షేర్ ఆటోలో బయల్దేరాను. హోటల్లో కవరు విప్పితే సగం నూకలు.

మేనేజరు కోప్పడలేదు. "ఇంత దూరానికే ఇలా అయితే విమానం ఎక్కి ఏ రూపంలో దిగుతాయమ్మా?" అన్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇంటికొచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు. పెద్దమ్మ మాత్రం విని, "నువ్వు మూట కట్టుడే తప్పు బిడ్డా. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఎడ్లబండిల గంపలకు గంపలు పంపినం. ఒక్కటి ఇరగలే," అంది.

"అప్పుడు ఎలా సర్దేవారు?"

"గడ్డి పరిచి సర్దేది. మరి డాక్టర్లకు గడ్డి పెడ్తమా?"

ఆ వారమంతా ఇల్లు ప్రయోగశాల అయింది. పేపర్ ముక్కలు వేస్తే సిరా వాసన పట్టింది. నేను థర్మోకోల్ తెస్తే దాన్ని వేళ్లతో నలిపి చూసి పక్కన పెట్టింది. "తిండి పక్కన తినరానిది పెట్టొద్దు," అంది.

ఆ మాట అంటూనే లేచి జొన్నల డబ్బా దింపి, మూకుడు పొయ్యి మీద పెట్టింది. జొన్నలు టపటపా పేలాయి. తెల్లటి పేలాలు, మల్లెమొగ్గల్లా తేలిగ్గా. చల్లారాక అట్టపెట్టె అడుగున పరిచింది. ఆపా తెల్లటి నూలు గుడ్డతో గొట్టంలాంటి సంచులు కుట్టి ఇచ్చింది. లోపల నూనె కాగితం పెట్టి సకినాలను ఒకదానిమీద ఒకటి బిగువుగా పేర్చి, సంచి మూతి కట్టి, పేలాల మధ్య పడుకోబెట్టింది. పక్కన కజ్జికాయల్లాంటి గరిజెలు, నువ్వుల లడ్డూలు. పైన మళ్లీ పేలాలు. పెట్టె మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏదీ కదల్లేదు.

"పోదాం పా," అంది.

"మీరెందుకు పెద్దమ్మా, నేను తీసుకెళ్తాగా."

"పోయినసారి నువ్వే పోయినవు గద."

హోటల్ అద్దాల తలుపు దాని అంతట అదే తెరుచుకుంటే ఒక్క క్షణం ఆగి, లోపల నడిచి, పెట్టెను తిన్నగా మేనేజరు ముందు కౌంటర్ మీద పెట్టింది.

"బాగుందమ్మా. కానీ ప్రయాణంలో..." అన్నాడాయన.

"కింద పడెయ్యి సారూ."

"అక్కర్లేదమ్మా, తెరిచి చూస్తాను."

"తెరిస్తె ఏం తెలుస్తది. పడెయ్యి."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. పెద్దమ్మ మోచేత్తో పెట్టెను నెమ్మదిగా అంచుకు జరిపి వదిలేసింది. పాలరాతి నేల మీద ధబ్బున పడింది. సోఫాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను కళ్లు మూసుకున్నాను.

ఆయనే వంగి తీసి, విప్పి, ఒక్కొక్కటే కౌంటర్ మీద పెట్టాడు. పన్నెండు సకినాలు. ఒక్కదానికి మాత్రం అంచున గింజంత రాలింది. మిగతావి చుట్టు చెదరలేదు. పెద్దమ్మ పెట్టె వైపు చూడనే లేదు, ఆయన మొహమే చూస్తూ నిలబడింది. ఆయన ఒకటి తిన్నాడు. తర్వాత నాతో ఏదో మాట్లాడుతూనే పిడికెడు పేలాలు తీసి నోట్లో వేసుకుని, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇవి కూడా తినేవేనా?"

"మా డబ్బల తినరానిది ఒక్క డబ్బనే సారూ," అంది పెద్దమ్మ.

రెండు వందల డబ్బాలు చెప్పారు.

వాడలో చెయ్యి తిరిగిన ఆడవాళ్లంతా వచ్చారు. ఆపా మిషన్ ఆగలేదు. ప్రతి డబ్బాలో పెట్టడానికి చిన్న కాగితం నేను రాశాను. పేలాలు పారేయొద్దు, అవి మా ఊరి చేల పంట, తినండి అని. పెద్దమ్మకు చదువు రాదు. నాచేత మూడుసార్లు చదివించుకుని, "మా అనే మాట పెద్దగ రాయి," అంది.

సమావేశానికి రెండు రోజుల ముందు ముసురు పట్టింది. చీరల మీద చుట్టినవి ఆరలేదు. వేయించితే మెత్తబడ్డాయి. దాదాపు అరవై డబ్బాల సరుకు. నేను భయపడి, "రుచి బాగానే ఉంది కదా పెద్దమ్మా, పంపేద్దాం. డాక్టర్లకు సకినం ఎలా ఉండాలో తెలియదు," అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. గొంతు మాత్రం పెంచలేదు.

"తెల్వనోళ్లకే మంచిది పంపాలె బిడ్డా. తెలిసినోళ్లు బాగలేకుంటె మళ్లొచ్చి అడుగుతరు. తెల్వనోళ్లు గిదే సకినమనుకోని పోతరు."

మెత్తబడ్డవన్నీ వాడకు పంచేసింది. మళ్లీ బియ్యం నానబోశారు. తెల్లారి ఆరు ఇళ్లలో ఆరు గదులు ఖాళీ చేయించి, ఫ్యాన్లు తిప్పి, కింద ఇస్త్రీ చేసిన పొడి చీరలు పరిచారు. ఆపా తన కొత్త దుప్పటి కూడా ఇచ్చింది. "పెండ్లికి దాచిన, ఫికర్ నై, ఉతుక్కుంట," అంది. పెద్దమ్మ ఇంటింటికీ తిరుగుతూ వేలితో ఒక్కొక్క చుట్టునూ తాకి చూసింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా కొడుకు క్యాబ్‌లో నాలుగు విడతలుగా రెండు వందల డబ్బాలూ హోటల్ చేరాయి.

డాక్టర్లు వెళ్లిన మూడో రోజు రిసెప్షన్‌కు భోపాల్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక డాక్టరమ్మ. వాళ్ల అత్తగారు సకినాలు చాయ్‌తో తిని, పేలాలు కూడా ఖాళీ చేసి, ఇంకా కావాలంటున్నారట. పంపగలరా అని అడిగింది. డ్యూటీ దిగగానే ఇంటికి దాదాపు పరుగెత్తాను.

పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "ఇరగలేదంటనా?"

"ఒక్కటీ విరగలేదట."

"భోపాల్ దాంక?"

"భోపాల్ దాకా."

కొంగు నడుముకు దోపుకుని లేచి, గోడ దగ్గరకు వెళ్లి ఆపాను పిలిచింది. ఆపాకు చెప్పింది. ఆపా ఇంటి ముందు పోతున్నావిడకు చెప్పింది. ఆ సాయంత్రం వాడ చివరిదాకా నడిచి, కనబడ్డ ప్రతివాళ్లకూ "భోపాల్ దాంక ఒక్కటి ఇరగలే" అని చెప్పి వచ్చింది. ఆవిడ అంత నిటారుగా నడవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆ తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డు వేశారు. పన్నెండు మంది పనిలోకి వచ్చారు. ఇంకో రెండు హోటళ్లు డబ్బాలు పెట్టుకున్నాయి. నేను ఉద్యోగం మాని ఆర్డర్ల పని చూసుకోవడం మొదలుపెట్టాను. ఆ నిర్ణయానికి ఇంతవరకు ఒక్కరోజూ చింతించలేదు. "భూమి పోయినంక నన్ను ఏమని పిలుస్తరో నాకే తెల్వకుండె," అంది ఒకరోజు డబ్బాలు కడుతూ. "ఇప్పుడు సకినాలామె ఇల్లేది అని అడుక్కుంట వస్తున్నరు."

ఆవిడను తలుచుకుంటే ముందుగా నా కళ్లకు కట్టేది మాత్రం షెడ్డు కాదు. ఆపా తమ్ముడు దుబాయ్ పోతుంటే సాగనంపడానికి ముగ్గురం విమానాశ్రయానికి వెళ్లాం. అతను లోపలికి వెళ్లాక తిరిగి వస్తుంటే, బయట ట్రాలీ పక్కన ఒక ఉత్తరాది కుటుంబం నేల మీద కూర్చుని ఉంది. మధ్యలో మా డబ్బా తెరిచి ఉంది. చేసింది ఈవిడేనని నేను చెప్పబోతే పెద్దమ్మ నా చెయ్యి నొక్కింది. అక్కడే నిలబడి, వాళ్లు తినడం చూస్తూ ఉండిపోయింది. అది గమనించి ఆ ఇంటి పెద్దావిడ, ఆకలితో చూస్తోందనుకుందేమో, పక్కకు జరిగి చోటిచ్చి, రెండు సకినాలు తీసి చాపింది.

"లీజియే అమ్మా. బహుత్ అచ్ఛా హై."

పెద్దమ్మ కాదనలేదు. వాళ్ల పక్కన కూర్చుంది. రెండు చేతులతో అందుకుంది. ఎవరింట్లోనో పెట్టింది తింటున్నట్టు మర్యాదగా, కింద కొంగు పట్టుకుని, చుట్టు వెంట చుట్టు విరుచుకుంటూ, ఒక్క నూక రాలకుండా మెల్లగా తింది.