ఒకే అంచున అరిగిన బుష్షు

మిర్యాలగూడ రైసుమిల్లులో ఉప్పలయ్య పని బుష్షులు పోయడం. తిరిగే ఇనుప షాఫ్టును చుట్టూ పట్టి మోసే రెండు సగం చెక్కల ఇనుప గుల్లను అక్కడ బుష్షు అంటారు. లోపల మెత్తటి తెల్లలోహం పొర ఉంటుంది. అరిగితే దాన్ని కరిగించి మళ్లీ పోయాలి, షాఫ్టుకు సరిపోయేదాకా గీకాలి. షాఫ్టు ఆ లోహాన్ని తాకకూడదు. మధ్యలో ఉన్న పలుచటి ఆయిలు పొర మీద తేలుతూ తిరగాలి. మిల్లు నడిచేటప్పుడు ఉప్పలయ్య బుష్షుల మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. కాలకుండా చెయ్యి నిలిచిందంటే లోపల ఆయిలు ఉన్నట్టే.

"నాకు జొరమొస్తే ఎన్నడన్న గిట్ల సూసినవా?" అనేది భార్య శాంతకుమారి.

ఆ వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో గోడవైపు బుష్షు కాలింది. కొత్తగా పోసి బిగిస్తే పది రోజులకు మళ్లీ కాలింది. పోతలోనే దోషముందని మిల్లు యజమాని దేవేందర్ అనుమానపడ్డాడు. కోదాడ వర్క్‌షాపుకు ఫోన్ చేశాడు. ఇక నుంచి పోత పని అక్కడికే పోతుందని ఉప్పలయ్యకు అర్థమైంది. ముప్ఫై ఏళ్లుగా ఆ మిల్లులో ఇంకొకరు పోసిన బుష్షు లేదు.

కాలిన బుష్షును వెంటనే మూకుడులో వేసి కరిగించడం అతని అలవాటు. ఈసారి మాత్రం మొదటిదాని ఒక చెక్కను కోదాడ వాళ్లకు చూపిద్దామని దేవేందర్ దాచి ఉంచాడు. ఉప్పలయ్య ఊడదీసిన రెండోదాన్ని తెచ్చి దాని పక్కన పెట్టాడు. రెండింటికీ బెల్టు తిరిగే కప్పీవైపు అంచే అరిగి మెరుస్తోంది. అవతలి అంచున అతని గీకుడు గీతలు చెక్కుచెదరలేదు.

చాలాసేపు వాటినే చూసి లేచాడు. అతను ఎప్పుడూ బెల్టు విప్పి, షాఫ్టును చేత్తో తిప్పి సరిచూసేవాడు. అప్పుడది హాయిగా తిరిగేది. ఈసారి బెల్టు ఎక్కించి చూశాడు. బెల్టు లాగుడుకు బుష్షు కింది దిమ్మె ఒకవైపు ఒరిగింది. వడ్లు నానబెట్టే తొట్టి నీళ్లు కారి దాని అడుగు మెత్తబడింది. షాఫ్టు వంకరగా కూర్చుంటే ఒక అంచున ఆయిలు పొర తెగి ఇనుము లోహాన్ని రాసింది. అరిగిన కొద్దీ సందు పెరిగి, ఉన్న ఆయిలూ అటే కారిపోయింది.

"పోతల తప్పు లేదు సేటు. నేను సూసిన తీరుల ఉంది" అన్నాడు.

"మరి కోదాడాయన్ను రమ్మననా, వద్దా?"

"దిమ్మె కట్టినంక సెప్త."

తొట్టి కారే చోటు మూయించి, దిమ్మె తవ్వి మళ్లీ కట్టారు. కొత్త బుష్షు మీద ఉప్పలయ్య చెయ్యి పెట్టి తియ్యలేదు. దేవేందర్ చెయ్యి కూడా పట్టి పెట్టించాడు. కోదాడకు మళ్లీ ఫోన్ పోయింది, రావద్దని.

ఆ తర్వాత కొత్తది చల్లగా నడిచేదాకా పాతదాన్ని కరిగించేవాడు కాదు, కిటికీలో పెట్టేవాడు. పోయిన ఎండాకాలం ఉప్పలయ్య చనిపోయాడు. కిటికీలో ఒక చెక్క ఇంకా ఉంది. పొద్దున మిల్లు నడవడం మొదలవగానే దేవేందర్ గోడవైపు నడిచి, బుష్షు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడతాడు.