క్వారీలో గడ్డి

ఫెరార్గంజ్‌లో మా పక్కింటి పిన్నికి ఒక అలవాటు ఉండేది. గడ్డి దుబ్బు నాటే ముందు, బిడ్డకు జ్వరం చూసినట్టు నేలమీద అరచెయ్యి ఆనించి చూసేది. ఆ నేల మూతబడిన రాళ్ల క్వారీ. బాబాయి అక్కడ పనిచేస్తుండగానే బండలు విరిగిపడి చనిపోయాడు.

క్వారీ మూసేశాక ఆమె మట్టీ పేడా తట్టలతో మోసి గడ్డి నాటింది. తొలి వానలకే అంతా కొట్టుకుపోయింది. వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి, వాటి వెనక మళ్లీ నాటింది. ఈసారి గడ్డి నిలిచింది. మా వీధి మేకలన్నీ అక్కడే మేసేవి.

ఒక సాయంత్రం మేకలను తోలుకురావడానికి ఆమెతో వెళ్లాను. అడవిలోంచి ఒక జింక తన పిల్లతో దిగివచ్చి, బాబాయి పడిపోయిన చోటే మేస్తోంది. తరుముదామని రాయి తీశాను.

"ఛోడ్ దో బేటా, తిననీ," అంది పిన్ని.

"మేకలకి మిగల్దు పిన్నీ."

"మళ్లీ నాటుతాన్లే. ఆయన పోయినకాడ్నుంచి ఈడికొస్తే ఆ బండలు పడ్డ చప్పుడే ఇనబడేది నాకు. ఇయాళ ఇది గడ్డి కొరికే చప్పుడు ఇనబడతంది."

జింక కడుపునిండా మేసి వెళ్లేదాకా, మేకలను అదిలించకుండా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.