పాత ఏసీని దించనివ్వని చౌడమ్మ

కరోనా భయం పూర్తిగా తగ్గిన తర్వాతి ఎండాకాలంలో, కత్తిరి మొదలవుతుండగా నన్ను గుడియాత్తం లైనుకు వేశారు. అప్పటికి నేను వేలూరులో ఒక ఏసీ డీలరు దగ్గర సర్వీసు సూపర్వైజరుని. కత్తిరి అంటే మా వైపు ఎండలు నడినెత్తి మీద కూర్చునే రోజులు. ఆ రోజుల్లో వేలూరు జనం దేవుడి తర్వాత తలుచుకునేది ఏసీ మెకానిక్కునే. రావడం ఆలస్యమైతే తిట్టుకునేదీ ఆ ఇద్దర్నే.

బడికి నేనూ, నాకు బడీ పనికిరామని ఎనిమిదో తరగతిలో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. హెల్పరుగా చేరి, గ్యాసు సిలిండర్లు మోసి, టెక్నీషియనునై, చివరికి సూపర్వైజరునయ్యాను. సూపర్వైజరుకు ఒక ప్రత్యేక అధికారం ఉంది. ముసలి ఏసీని రిపేరు చేయాలా, కండెమ్ చేయాలా అన్నది తేల్చి సంతకం పెట్టేది అతనే. కండెమ్ అంటే ఇక దాని మీద ఖర్చు దండగ, కొత్తది కొనుక్కోండి అని చెప్పడం. అందుకే మావాళ్లు నన్ను యముడు అనేవాళ్లు. దున్నపోతు బదులు స్కూటరు ఉండేది, అంతే తేడా.

ఫిర్యాదు గుడియాత్తం నేతగాళ్ల వీధి నుంచి వచ్చింది. గాలి వస్తోంది గానీ చల్లదనం లేదట. టెక్నీషియన్ సెల్వాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు గదిలో మగ్గం, దాని ముందు ఇంటావిడ చౌడమ్మ. లుంగీ మగ్గాలకు పడుగు అతకాలంటే ఆ వీధి వీధంతా ఆమెనే పిలుస్తుంది. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులు. ఒక పడుగు నేయడం అయిపోతే దాని చివరలను మగ్గంలోనే వదిలేసి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలివేసి అతుకుతారు. వేళ్లకు విబూది అద్దుకుని ఆమె ఆ పని చేస్తుంటే, పోగులే ఒకదాన్నొకటి వెతుక్కుని కలుసుకుంటున్నట్టు ఉండేది.

నా నోరు ఊరుకోదు కదా. "ఏమ్మా, ఈ పాత పీలికలు కోసి పారేసి కొత్తవి నేరుగా ఎక్కించుకోరాదా? ఎందుకీ తంటా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "కోసేస్తే మళ్లా ఒక్కొక్క పోగునీ అచ్చు పళ్ల సందుల్లో దూర్చాల నాయనా. అన్నినాళ్లూ మగ్గం పండుకోనుంటాది. ఇట్లయితే పాతది ముందు పోతా కొత్తదాన్ని ఈడ్చుకోని పోతాది. నువ్వు పోయి ఏసీ చూడు" అంది.

లోపలి గదిలో ఆమె భర్త మునిరత్నం మంచం మీద ఉన్నాడు. మంచి నేతగాడు. కొన్నేళ్ల కిందట నూలు మూటతో మిద్దె మెట్ల మీద నుంచి పడితే వెన్నెముక దెబ్బతింది. ఛాతీ కింద నుంచి కదలిక లేదు, చెమటా పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే, గది కాలినకొద్దీ మనిషీ కాలుతాడు. గది చల్లగా ఉంచి తీరాలని, ఒళ్లు కాగనిస్తే ప్రాణం మీదికి వస్తుందని వేలూరు డాక్టర్లు చెప్పి పంపారట. మేం వెళ్లేసరికి ఒంటి మీద తడిగుడ్డలు పరిచి, ఫ్యాను దగ్గరికి జరిపి ఉంది. ముఖం ఎర్రబడి ఉంది. మాట మాత్రం చెక్కు చెదరలేదు.

"రాప్పా రా. ఎక్స్చేంజిలో నన్ను గూడా తీసుకుంటారా? మోడలు పాతదే గానీ, శానా నాళ్లుగా కదిలించకుండా పెట్టినారు" అన్నాడు.

ముందు గదిలోంచి చౌడమ్మ గొంతు వినిపించింది: "నిన్ను దించితే గోడ గూడా ఊడొస్తాది. ఊరికే పండుకో!"

ఏసీ వయసు పదేళ్లు దాటింది. అందులో వాడేది పాతరకం గ్యాసు, దొరకడం ఏటేటా కష్టమవుతోంది. మీటరు తగిలించి చూస్తే కంప్రెసరు ఇంకా ఓపికగానే ఉంది. గ్యాసు మాత్రం అడుగంటింది. గదిలోని పెట్టె విప్పి రాగి కాయిలుకు సబ్బునురగ పూశాం. లీకున్నచోట బుడగ లేస్తుంది. అక్కడా ఇక్కడా అని లేదు, పిల్లలు సబ్బునీళ్లు ఊదినట్టు చాలాచోట్ల లేచాయి. ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు వచ్చి గ్యాసు నింపి పోయారు గానీ కాయిలు చూడలేదు. పంక్చరు వేయకుండా టైరుకు గాలి కొట్టడం లాంటి పని అది. ఆ కాయిలు ఇప్పుడు తయారవడం లేదు. సెల్వం తమిళంలో "సార్, ఇదు ముడింజి పోచ్చు" అన్నాడు, దీని కథ ముగిసిందని. నేనూ కండెమ్ రాశాను.

చౌడమ్మ వాదించలేదు. ఒకచోట అతికితే ఇంకోచోట కారుతుందని చెబితే, నూలు కుళ్లితే అంతేలే అని ఒప్పుకుంది. కొత్తది ఎప్పుడొస్తుందని అడిగింది. సీజను కాబట్టి స్టాకు వచ్చేసరికి కొన్ని రోజులు పడుతుందన్నాను. "అందాకా ఈ మనిషి యాడుండాల?" అంది. సరే, పెద్ద చిల్లులకు అతుకు వేసి, గ్యాసు నింపి, అది కొద్దిరోజుల ముచ్చటేనని చెప్పి నడిపించాం. ఆ తర్వాతే అసలు మెలిక పెట్టింది.

"కొత్తదాన్ని ఎదురు గోడకు పెట్టప్పా. అది బాగా నడిచేదాకా పాతదాన్ని తాకొద్దు."

మా పద్ధతి అది కాదు. ముందు పాతదాని గ్యాసును బయటి పెట్టెలోకి లాగి, పైపులు విప్పి, దించేస్తాం. అదే బొక్కలోంచి, అదే కరెంటు లైనుకు కొత్తది బిగిస్తాం. ఆమె చెప్పినట్టు చేస్తే గోడకు కొత్త బొక్క, కొత్త లైను, బయట ఇంకో స్టాండు. పైగా పాతది అప్పటికప్పుడు అప్పగించకపోతే ఎక్స్చేంజి తగ్గింపు రాదు. అవన్నీ చెప్పాను. "పోతే పోనీ" అంది.

"రెండు ఏసీలనూ ఎదురెదురుగా పెట్టి పెండ్లిచూపులు జరిపిస్తావా ఏందమ్మా?" అన్నాను. సెల్వం నవ్వాడు. మునిరత్నం కూడా నవ్వాడు.

"చూపులు నేను చూసుకుంటా. గోడకు బొక్క కొట్టేది నీ పని. కొట్టు" అంది.

కొత్తది వచ్చిన రోజు మధ్యాహ్నం బిగింపు పూర్తయింది. ఎదురు గోడ మీద తెల్లగా, పెండ్లికొడుకులా మెరుస్తోంది. స్విచ్చి వేశాం. చల్లగాలి కొట్టింది. పాతదాన్ని ఆపి, మావాళ్లు పనిముట్లు సర్దుకుంటుండగా కొత్తది టప్పుమని ఆగింది. ముందు పలక మీద ఎర్రర్ కోడు వెలిగింది. ఆపి వేశాం, మళ్లీ అదే. విప్పి చూస్తే కంప్రెసరును నడిపే బోర్డు పోయింది. తయారీలోనే లోపం ఉన్నట్టుంది. వేలూరులో ఆ బోర్డు లేదు, చెన్నై నుంచి రావాలి.

మా పద్ధతి ప్రకారం అయితే ఆ సమయానికి పాతది మా వ్యాను మీద, పైపులు చుట్టగా చుట్టి ఉండేది. నేను మంచం వైపు చూశాను. మిద్దె కాలుతోంది, గది అప్పుడే వెచ్చబడుతోంది. మునిరత్నం భార్య వైపు చూస్తున్నాడు. చౌడమ్మ దిండు పక్కన ఉన్న పాత రిమోటు తీసి మీట నొక్కింది. పాత ఏసీ ఒకసారి ఒళ్లు విదిల్చి, గరగరమని దాని మామూలు పాట అందుకుంది. కాసేపటికి చల్లగాలి మంచం మీదికి దిగింది.

"వచ్చినాడప్పా మా పెద్దాయన" అన్నాడు మునిరత్నం.

చౌడమ్మ నా వైపు తిరిగింది. "ఏం సూపర్వైజరప్పా, పెండ్లిచూపుల్లోనే మీ పిల్లోడు మూర్ఛపోయినాడే?"

నేను ఫోను తీసి చెన్నైకి బోర్డు ఆర్డరు పెట్టాను.

బోర్డు వచ్చింది, మార్చాం, కొత్తది సరిగ్గా నడిచింది. అయినా కత్తిరి ముగిసేదాకా ఆమె పాతదాన్ని దించనివ్వలేదు. చివరికి కబురు పెడితే వెళ్లి దించాం. అప్పటికే దాని గ్యాసు మళ్లీ చాలావరకు పోయింది. అంటే నేను కండెమ్ చేయడం తప్పు కాదు. రిపేరునే నమ్ముకుని ఉంటే ఇంకో ఎండాకాలం గట్టెక్కేది కాదు. ఏసీ గురించి చౌడమ్మకు తెలిసింది రిమోటు మీది మీటలే, ఆమె తెలుసని చెప్పుకోనూ లేదు. మగ్గాన్ని పండుకోనివ్వని తన పద్ధతిని మంచం దగ్గరికి తెచ్చుకుంది. మేం నవ్వినా, తగ్గింపు పోయినా పట్టు విడవలేదు. నాకు ఆమె మీద గౌరవం అక్కడ మొదలైంది.

ఆ తర్వాత నా లైనులో ఒక నియమం పెట్టాను. మంచం పట్టిన మనిషో, పసిబిడ్డో ఉన్న గదిలో కొత్తది నడిచి చూపించేదాకా పాతది దించకూడదు. పని రెట్టింపు అని టెక్నీషియన్లు గొణిగారు, దానికి చౌడమ్మ బిగింపు అని పేరు కూడా పెట్టారు. రిటైరయ్యేదాకా దాన్ని మార్చలేదు. రిపేరా కొత్తదా అన్నది తేల్చడానికి మా దగ్గర మీటర్లు ఉంటాయి. పాతది ఆగి కొత్తది అందుకునేలోపు ఆ గదిలో ఎవరుంటారన్నది మాత్రం నోరు తెరిచి అడిగి తెలుసుకోవాలి.