ఏడుగురి జడలు

మా బిడ్డ బాక్సింగ్‌లో వరసగా ఏడుసార్లు గెలిచింది. దాని చేతిలో ఓడిన ఆ ఏడుగురు పిల్లలకూ జడలు వేసింది నేనే.

రింగులోకి దిగే ఆడపిల్లల తలకు మెత్తని హెడ్‌గార్డ్ పెడతారు. జుట్టు కళ్లలో పడకుండా నెత్తికి అంటుకునేలా రెండు జడలు అల్లి వెనక బిగించాలి. చాలామంది పిల్లలు తల్లులు లేకుండా కోచ్ సారు వెంటే వస్తారు. మొదటిసారి తాండూరులో మా బిడ్డకు జడ వేస్తుంటే, దానితో తలపడబోయే పిల్ల రబ్బరు బ్యాండు పట్టుకుని పక్కనే నిలబడి చూస్తోంది. "రా బిడ్డా, కూసో" అన్నాను. అప్పటినుంచి ఏ పోటీకి పోయినా నా సంచిలో దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉండాల్సిందే.

తల మన చేతిలో ఉన్నంతసేపు పిల్లలు ఊరికే ఉండరు, అన్నీ చెప్తారు. నేను మూడో తరగతితోనే బడి మానేశాను. రాసుకోవడం రాదు, కాని విన్నది పోదు. మొదటి పిల్లది పెద్దేముల్ దిక్కు, గ్లౌజులు తొడిగి రెండు నెలలే. రెండో పిల్లకు వారం కిందటే జ్వరం తగ్గింది. మూడో పిల్ల నవ్వితే పక్క పన్ను లేదు.

"ఏమాయె బిడ్డా, గుద్దులాటల పోయిందా?"

"లే చిన్నమ్మా, గదే ఊడింది. కొత్తది వస్తదంట."

పాలపన్ను! మా దగ్గరి చిన్న పోటీల్లో తూకం కలిస్తే చాలు, ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేవారు. మా బిడ్డకు అప్పటికి పదహారు నిండాయి. మిగిలిన నలుగురు పిల్లలూ ఇంచుమించు ఈ ముగ్గురిలాంటివాళ్లే.

మా నాయన అంగడిలో ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూసేవాడు. ఇది ఇంత బరువు లాగింది, అంత లాగిందని అమ్మేవాడు చెప్తుంటే, "జోడుగా దేన్ని కట్టినవో గది చెప్పు" అనేవాడు. ఆ పిల్లల తలలు దువ్వుతుంటే నాకు ఆయన మాటే గుర్తొచ్చేది.

తర్వాత వికారాబాద్‌లో ఎంపిక పోటీ పెట్టారు. గెలిచిన పిల్ల జిల్లా జట్టులోకి పోతుంది. మా బిడ్డకు పూడూరు పిల్ల ఎదురుపడింది. ఆ పిల్లవి ఆరు గెలుపులు, నాలుగు ఓటములు. ఇంట్లో అప్పుడే గెలిచేసినంత సంబరం. నాకు మాత్రం తిన్నది ఒంటబట్టలేదు. చిన్నపిల్లలతో ఆడీ ఆడీ మా బిడ్డకు చేతులు దించి మీదికి ఉరికే అలవాటు పడింది. పెద్ద పిల్ల ముందు అట్లా ఉరికితే మూతి పగులుతుంది.

పొద్దున రైలెక్కి కూర్చున్నాక అది నా ముఖం చూసింది.

"ఏడుకు ఏడు గెలిచిననే అమ్మా. గామె నాలుగు ఓడింది. ఇంకేం ఫికర్ నీకు?"

"గామె ఎవరితోని ఓడిందో ఎరికేనా?"

"ఎవరితోనైతేంది? ఓటమి ఓటమే."

"గామె సంగతి నాకెరికె లేదు గని, నీ ఏడుగురు ఎవరో నాకెరికె" అని ఒక్కొక్కరి ముచ్చట చెప్పుకొచ్చాను. పన్ను ఊడిన పిల్ల దగ్గరికి వచ్చేసరికి దాని ముఖం మాడిపోయింది.

"బిడ్డ గెలిస్తే అందరి తల్లులు ఊరంత చెప్పుకుంటరు. నువ్వేమో పళ్లు లెక్కవెడ్తున్నవు" అంది. వికారాబాద్ వచ్చేదాకా కిటికీ దిక్కే చూసింది. తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయనివ్వలేదు.

అక్కడ పూడూరు పిల్ల ఒక మూల కూర్చుని ఒంటిచేత్తో జుట్టు సర్దుకుంటోంది. పిలవకుండా ఉండలేకపోయాను. మా బిడ్డ నన్ను గుర్రుగా చూసింది.

"నాలుగు ఓడినవంట, ఎవరితోని బిడ్డా?"

"ఇద్దరు పోలీసు కొలువుకు తయారయ్యే అక్కలు, చిన్నమ్మా. ఇంకొకామె రాష్ట్రం జట్టుల ఆడింది. ఆమె చేతుల రెండుసార్లు తిన్న."

"ఒకసారి తిన్నంక మళ్ల ఎందుకు పోయినవే?"

"మొదటిసారి ఒక్క రౌండే నిలబడ్డ. రెండోసారి మూడు నిలబడ్డ" అని నవ్వింది. "జర మెల్లగ చిన్నమ్మా, కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేపి జడ ఏసుకోరాలే."

జడ ముగించి వచ్చేసరికి మా బిడ్డ నా కొంగు పట్టుకుంది. "ఏమన్నది?"

ఎవరెవరితో ఓడిందో చెప్పాను. అది పూడూరు జట్టువాళ్లందరికీ తెలిసిన సంగతే. భుజం ముచ్చట మాత్రం చెప్పలేదు. తల అప్పజెప్పి నమ్మకంగా అన్న మాటను కన్నబిడ్డకైనా ఎట్లా ఇస్తాం?

అది హెడ్‌గార్డ్ బిగించుకుని రింగులోకి దిగింది. గంట కొట్టగానే రెండు చేతులూ గడ్డం దాకా లేపి పెట్టుకుంది. మూడు రౌండ్లూ దించలేదు. ఓడిపోయింది. పెదవి కాస్త వాచింది, అంతే.

తిరుగు రైలు కోసం నిలబడినప్పుడు మెల్లగా అడిగింది. "గామె మూడో రౌండ్ల కుడిచెయ్యి లేపలే. నీకు ముందే ఎరికేనా?"

"ఎరికె."

"నాకు చెప్పలే."

"నువ్వే కనిపెట్టినవు గద."

"కనిపెట్టిన తియ్యి, గంట కొట్టినంక" అని వాచిన పెదవితోనే నవ్వి, టిఫిన్ డబ్బా లాక్కుంది.

మర్నాడు పక్కింటామె గడపలో నిలబడి, ఇప్పటికి ఎన్ని గెలిచావని మా బిడ్డను అడిగింది. ఇదివరకైతే అది ఏడు వేళ్లు చూపించేది.

"పూడూరు పిల్లతోని మూడు రౌండ్లు నిలబడ్డ అత్తమ్మా" అంది మా బిడ్డ.